కత్తిపీట మీది నలుపు

కాళహస్తి కలంకారీ చూసే ప్రయాణం శనివారం పెట్టుకోవడమే పొరపాటైంది. తిరుపతిలో రైలు దిగేసరికి స్టేషనంతా కొండకు వెళ్ళే జనం. మామూలు రోజుల్లో వెయ్యికి దొరికే గదికి లాడ్జి వాళ్ళు రెండున్నర వేలు చెప్పారు. పద్నాలుగు మంది డిజైన్ విద్యార్థులను వెంటేసుకుని బేరాలాడే ఓపిక లేక నాలుగు గదులు తీసుకుని సర్దుకున్నాం.

ఆ సాయంత్రం గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో తిరిగాం. ఒక దుకాణంలో ‘అసలైన కాళహస్తి కలంకారీ’ అని చీర చూపించారు. ఆరువందల యాభై. అలాంటివే ఇంకో మూడు తీయమన్నాను. నాలుగింటిలోనూ నెమలి ముక్కు ఒకే చోట విరిగి ఉంది. చేత్తో గీసిన నాలుగు నెమళ్ళకు ఒకే చోట ముక్కు విరగదు గదా, అది మిషన్ అచ్చు. కోపం వచ్చింది, కానీ దుకాణం మీద కంటే ఎక్కువ బాధ మా పిల్లలను చూసి కలిగింది. ఇద్దరు దాన్ని ఫోటో తీసుకుని ‘మూడ్ బోర్డుకు (డిజైన్ ఊహ కోసం బొమ్మలు అతికించే పలక) బాగుంటుంది మేడమ్’ అన్నారు. అలా చూడటం మేం నేర్పిందే. మా క్లాసుల్లో సంస్కృతి అంటే ఒక నెమలి, ఒక మామిడిపిందె, ఒక గోపురం. ఏ సంచీ మీదైనా, ఏ కప్పు మీదైనా అతికిస్తే సరిపోతుందనుకుంటాం.

మర్నాడు పొద్దున శ్రీకాళహస్తి బస్సెక్కాం. రేణిగుంట దాటేదాకా నిలబడాల్సి వచ్చింది. ఏర్పేడు దగ్గర సీటు దొరికితే నా పక్కన పుంగనూరు వైపు నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంది. క్లాసులో నోరు విప్పని పిల్ల. పోయిన సెమిస్టర్ జ్యూరీలో, అంటే చేసిన పనిని టీచర్ల ముందు వివరించే పరీక్షలో, ఇంగ్లీషు మాటల కోసం తడుముకుంటుంటే ‘నీ కాన్సెప్ట్ అర్థం కావడం లేదు’ అని అందరి ముందూ అన్నాను, నూటికి నలభై ఒకటి వేశాను. బస్సులో మాత్రం ఆ అమ్మాయి ఆగకుండా మాట్లాడింది. వాళ్ళ తోటలో చెరకు, బెల్లం వండే రోజున ఊరంతా వచ్చే వాసన, పాకం ఎప్పుడు దించాలో వాళ్ళ నాన్న చూపుతోనే చెప్పడం. నేను కిటికీలోంచి చూస్తూ వింటున్నాను. రెండేళ్ళు పాఠం చెప్పాను, ఇవేవీ ఒక్కరోజూ అడగలేదు.

మాది బందరు వైపు. పెడనలో చెక్క అచ్చులు గుడ్డ మీద పడే చప్పుడు చిన్నప్పటి నుంచీ విన్నదే. అందుకే కలంకారీ నాకు తెలుసనుకునేదాన్ని. కాళహస్తిది వేరే. అచ్చు ఉండదు, మొత్తం కలంతోనే గీస్తారు. దీన్ని పూర్వం వ్రాతపని అనే పిలిచేవాళ్ళు. సన్నగిల్లిపోతున్న రోజుల్లో హస్తకళలను నిలబెట్టిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవన్నీ పిల్లలకు స్లైడ్లలో చూపించినవే.

స్టాండు నుంచి ఆటోకు మూడు వందలు పోసి మేం వెళ్ళింది ఒక చిన్న ఇంటికి. డెబ్బై దాటిన పెద్దాయన వరండాలో గుడ్డ పరుచుకుని గీస్తున్నారు. వెదురు పుల్ల, దాని నడుముకు ఉన్ని చుట్టి బిగించిన దారం, అదే కలం. ఉన్నిని వేళ్ళతో నొక్కితే మొన దాకా రంగు దిగుతుంది, వదిలితే ఆగుతుంది. మూలన కుండ. మూత తీయగానే పుల్లటి, తుప్పు కలిసిన వాసన కొట్టింది. కొందరు ముక్కు మూసుకున్నారు.

‘బెల్లం పులిసింది గదా తాతా?’ అంది పుంగనూరు అమ్మాయి.

పెద్దాయన కలం ఆపారు. ‘ఎవురి బిడ్డవు మ్మా? యాడిది మీది?’

బెల్లం నీళ్ళలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి మూడు వారాల దాకా మాగబెడతారు. దాన్నే కసిమి అంటారు. అది నల్లరంగు అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, కుండలోంచి తీస్తే పలచటి టీ నీళ్ళలా ఉంది. ఆయన ఒక గీత గీశారు. గుడ్డను తాకిన చోట మొదట గోధుమ రంగు, మేం చూస్తుండగానే బూడిద రంగు, ఊపిరి తీసుకునేలోపు నలుపు. పద్నాలుగు మందీ ఫోన్లు దించేసి చూశారు.

‘గుడ్డలో కరక్కాయ ఉంది, ఎనుము పాలు ఉండాయి’ అన్నారాయన. ఎనుము అంటే ఏమిటని హైదరాబాదు పిల్లాడు అడిగితే, గేదె అని ఆ అమ్మాయే చెప్పింది. పాలు ఎందుకు, మానేస్తే ఏమవుతుందని ఆ పిల్లాడే మళ్ళీ అడిగాడు. మంచి ప్రశ్న. ఆయన విసుక్కోకుండా మూడు పేలికలు తెప్పించారు. కరక్కాయా పాలూ రెండూ పట్టించిన దాని మీద గీత సన్నగా, నల్లగా నిలిచింది. పాలు లేకుండా కరక్కాయ ఒక్కటే పట్టిన దాని మీద నలుపు వచ్చింది గానీ అంచులు చెదిరి పాకిపోయింది. ఏమీ పట్టించని తెల్లగుడ్డ మీద తుప్పు మరక మాత్రం మిగిలింది.

‘అరటిపువ్వు తరిగినప్పుడు కత్తిపీట నల్లబడుతుంది, ఇది అదే కదా?’ ఆ అమ్మాయి మాట అది. అదే. అరటిపువ్వులోని వగరు, కరక్కాయలోని వగరు ఒక జాతివే, ఇనుము తగిలితే రెండూ నల్లబడతాయి. టానిన్ అని నేను మూడు స్లైడ్లలో చెప్పిన సంగతి ఆ పిల్లకు వాళ్ళమ్మ వంటింట్లోనే దొరికింది.

ఆ తర్వాత ఆ అమ్మాయి చేసింది ఇంకా గుర్తుంటుంది. పాలు పట్టని పేలిక తీసుకుని, గీత ఎక్కడ పాకుతుందో రెండు మూడుసార్లు చూసుకుని, దాని మీద బెల్లం పొయ్యి పొగను గీసింది. తర్వాత పాలు పట్టిన ముక్క మీద పొయ్యిని, కడాయిని సన్నటి గీతలతో గీసి రెండూ పక్కపక్కన పెట్టింది. నెమలి లేదు, గోపురం లేదు. పెద్దాయన చాలాసేపు చూసి, ‘పొగ అట్లనే పోతుంది’ అని తన కలం ఆమె చేతికిచ్చారు.

ఫస్టియర్‌లో అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు మన దేశం గురించి రాసిన 1958 నాటి నివేదిక చెబుతాను. అందులో వాళ్ళు మన చెంబును ఎంత శ్రద్ధగా చూశారో, అహ్మదాబాదులో 1961లో డిజైన్ సంస్థ వెలయడానికి ఆ నివేదిక ఎలా దారి వేసిందో వివరిస్తాను. ఆ చెంబుతో రోజూ నీళ్ళు ముంచే ఇంటి నుంచి వచ్చిన పిల్ల ముందు బెంచీలో కూర్చుంటే, ఆమెను ఇంగ్లీషు రాలేదని తగ్గించాను. ఆ నలభై ఒకటి నన్ను ఇంకా కుదురుగా ఉండనివ్వడం లేదు.

దర్శనానికి క్యూ పెద్దదని గుడి బయటి నుంచే దండం పెట్టుకున్నాం. సువర్ణముఖి ఒడ్డున కాసేపు కూర్చున్నాం. రంగు గుడ్డలు జాడించడానికి పారే నీళ్ళు కావాలి, ఏటిలో మాత్రం అక్కడక్కడా మడుగులే. నీళ్ళు లేనప్పుడు ఎలాగని పెద్దాయనను అడగాల్సింది, మరిచిపోయాం.

తిరుగు బస్సులో పిల్లలకు పని చెప్పాను. వచ్చే నెల క్లాసుకు ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక మరక తేవాలి. మామిడి జీడిదో, దానిమ్మ తొక్కదో, చాకలి గుర్తు పెట్టిన నల్లజీడిదో. అది ఎందుకు పడిందో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళ మాటల్లోనే, తెలుగులోనే చెప్పాలి. మార్కులు దానికే.

రేణిగుంట రాకముందే పుంగనూరు అమ్మాయి ఫోన్ తీసింది. ‘మా, ఆ పాత కత్తిపీట తోమొద్దు, నేనొచ్చేదాకా అట్లే పెట్టు’ అంటోంది.