మదర్‌బోర్డు మీద కిలో పైచిలుకు బరువు: పెద్ద కూలర్ బిగించిన నా అనుభవం

కంప్యూటర్ ప్రాసెసర్‌ని చల్లబరచడానికి పెద్ద కూలర్ కొనాలనుకునేవాళ్లు డబ్బులు తీసేముందు స్కేలు తీయాలి. ధర, రంగు, లైట్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సినవి రెండు కొలతలు: ప్రాసెసర్ నుంచి క్యాబినెట్ పక్క అద్దం దాకా ఎంత జాగా ఉంది, ర్యామ్ స్టిక్కు ఎంత ఎత్తు ఉంది. నేను తీసుకున్నది ఆస్ట్రియా కంపెనీ నాక్టువా చేసిన ఎన్‌హెచ్-డి15. 2014లో వచ్చిన మోడల్. ఎత్తు 165 మి.మీ., రెండు ఫ్యాన్లతో కలిపి బరువు 1,320 గ్రాములు. వేడిని పైకి మోసే ఆరు హీట్‌పైపులు, అల్యూమినియం రేకులు పేర్చిన రెండు గోపురాలు, ఒక్కోటి 140 మి.మీ. ఫ్యాన్లు రెండు.

ఇంత పెద్దది ఎందుకంటే, మాది ఖమ్మం. నా పని పెళ్లి వీడియోల ఎడిటింగ్. మూఢాలు, శూన్యమాసాలు పోను ముహూర్తాలు గట్టిగా పడే నెలల్లో వైశాఖం, జ్యేష్ఠం ముఖ్యం. సరిగ్గా అప్పుడే మా దగ్గర ఎండ 44, 45 దాకా పోతుంది. రాత్రి పది గంటలకు కూడా ఎడిటింగ్ గదిలో 36 డిగ్రీలుంటుంది. ఎంత గొప్ప కూలర్ అయినా ఫ్యాను విసిరేది ఆ గదిలోని గాలినే కదా. గది 36 ఉంటే ప్రాసెసర్ లెక్క ఆ 36 మీద మొదలవుతుంది. చల్లటి దేశాల్లో 22 డిగ్రీల గదిలో పెట్టి చూపించే అంకెలకు మనం కనీసం పద్నాలుగు కలుపుకోవాలి.

నా ప్రాసెసర్ రైజెన్ 9 3900ఎక్స్, పన్నెండు కోర్లు. పెట్టె మీద 105 వాట్లు అని ఉంటుంది గానీ, అన్ని కోర్లూ పనిలో పడ్డప్పుడు తను కూర్చునే సాకెట్ నుంచి 142 వాట్ల దాకా లాక్కునే అనుమతి దానికుంది. పెట్టెలో ఉచితంగా వచ్చే రెయిత్ ప్రిజం కూలర్ శీతాకాలంలో బాగానే నెట్టుకొచ్చింది. ఏప్రిల్ వచ్చేసరికి 4కే ఎక్స్‌పోర్ట్, అంటే ఎడిట్ చేసిన వీడియోని తుది ఫైలుగా తీయడం, పెట్టిన కాసేపటికే 95 డిగ్రీలు. ఈ ప్రాసెసర్‌కి అదే హద్దు. అక్కడికి చేరితే కాలిపోదు, తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే సీజన్లో చేతినిండా పని ఉన్నప్పుడే మిషన్ నెమ్మదిస్తుంది. పెళ్లివారు ఆల్బం, వీడియో ఎప్పుడిస్తారని అడుగుతుంటే ఆ నెమ్మది ఎంత బాధో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ద్రవం తిప్పి చల్లబరిచే లిక్విడ్ కూలర్ పెట్టమని చాలామంది చెప్పారు. అది చెడ్డదని అనను. కానీ దాంట్లో పంపు ఉంటుంది, పంపు ఆగితే ఆ రోజు పని ఆగినట్టే. ఎయిర్ కూలర్‌లో కదిలేది ఫ్యాను ఒక్కటే. అది పోయినా పక్క షాపులో ఏదో ఒక ఫ్యాను దొరుకుతుంది. రాత్రంతా మిషన్ వదిలేసి పడుకునే నాలాంటివాడికి అదే ధైర్యం.

కొలతల సంగతికి వస్తాను. నా క్యాబినెట్‌లో కూలర్‌కి 170 మి.మీ. దాకా జాగా ఉంది, కాబట్టి 165 పడుతుంది. చిక్కంతా ర్యామ్ దగ్గర. ఈ కూలర్ ముందు ఫ్యాను ర్యామ్ స్లాట్ల మీదికి వస్తుంది, దాని కింద ఉండే జాగా 32 మి.మీ. మాత్రమే. నా ర్యామ్ లైట్లున్న రకం, 44 మి.మీ. ఎత్తు. రెండే స్టిక్కులు ఉన్నప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్లో, నాలుగో స్లాట్లో పెట్టాలి కాబట్టి ఒక స్టిక్కు కచ్చితంగా ఫ్యాను కిందే ఉంటుంది. ఫ్యానుని 12 మి.మీ. పైకి జరిపితే మొత్తం ఎత్తు 177 అవుతుంది, పక్క అద్దం పట్టదు. అందుకే ముందు ఫ్యాను పక్కన పెట్టి, రెండు గోపురాల మధ్య ఫ్యాను ఒక్కటే ఉంచాలని కొనకముందే నిర్ణయించుకున్నాను. అలా పెడితే ర్యామ్‌కి 64 మి.మీ. జాగా దొరుకుతుంది. ఈ లెక్కంతా కాగితం మీద వేసుకున్నాకే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడ మెట్ల మీద నిలబడి ఫోన్లో కొలతలు వెతకడం కన్నా ఇది ఎంతో నయం.

ఇక బిగించడం. మదర్‌బోర్డుని క్యాబినెట్ నుంచి బయటికి తీసే ఈ పని చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. చాలా క్యాబినెట్లలో ప్రాసెసర్ వెనక పెద్ద కంత ఉంటుంది, అందులోంచి చెయ్యి పెట్టి పని కానివ్వచ్చంటారు. చిన్న కూలర్ అయితే సరే. కిలో బరువు లోహాన్ని నిలువుగా నిలబడ్డ బోర్డు మీద ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో స్క్రూ వెతకడం మాత్రం బోర్డుకి మంచిది కాదు. విప్పేముందు పవర్ బటన్, రీసెట్, లైట్ల సన్న వైర్లు ఏది ఎక్కడ ఉందో ఫోన్‌తో దగ్గరగా ఫొటోలు తీశాను. ఆ ఫొటోలు తర్వాత చాలా శ్రమ తప్పించాయి.

బోర్డు విప్పకముందే ఓ పదిహేను నిమిషాలు రెండరింగ్ నడిపాను. పాత కూలర్ కింద, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి ఎండి గట్టిపడి ఉంటుంది, వేడెక్కితే మెత్తబడుతుంది. నా బోర్డులో ఉన్నలాంటి ఏఎం4 రకం సాకెట్ వాడే ప్రతివాళ్లూ తెలుసుకోవాల్సిన విషయం ఇది. ఈ ప్రాసెసర్లకు 1,331 పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. సాకెట్ లివర్ వేసి ఉన్నా సరే, కూలర్‌ని నిలువుగా పైకి లాగితే గట్టిపడ్డ పేస్టుకి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడిరావచ్చు. ఆ లాగుడులో పిన్నులు వంగొచ్చు. కొత్త ఏఎం5లో పిన్నులు సాకెట్లోకి మారి, ప్రాసెసర్ మీద ఇనుప చట్రం వచ్చింది కాబట్టి అక్కడ ఈ భయం లేదు. నేను మిషన్ ఆపి, కరెంటు ఇచ్చే డబ్బా, అదే ఎస్ఎంపీఎస్, వైరు పీకి, ప్రిజం క్లిప్పు లివర్ తిప్పి వదులు చేశాను. ఆ తర్వాత పైకి లాగకుండా కూలర్‌ని ఎడమకీ కుడికీ కొద్దికొద్దిగా తిప్పాను. మొదట కదల్లేదు. ఒత్తిడి పెంచకుండా అలాగే తిప్పుతూ ఉంటే పట్టు వదిలి జారింది. అప్పుడు పక్కకి వాల్చి తీశాను. ప్రాసెసర్ తన చోటే ఉంది. ఆ క్షణాన నాకు కలిగిన నిశ్చింత అంతా ఇంతా కాదు.

పాత పేస్ట్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాను. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. దూది వాడకూడదు, పోగులు మిగులుతాయి. కళ్లజోడు తుడిచే గుడ్డ చాలు. ప్రాసెసర్ మీద కంపెనీ పేరు మెరిసేదాకా తుడిచాను.

తర్వాతి పనికి నాలుగు చేతులు కావాలి. ఏఎం4 బోర్డు మీద సాకెట్‌కి రెండు వైపులా ఉన్న నల్ల ప్లాస్టిక్ బిళ్లలు విప్పగానే వెనకున్న ఇనుప పలక, అదే బ్యాక్‌ప్లేట్, పట్టు లేకుండా కింద పడుతుంది. నాక్టువా కూలర్ ఏఎం4కి ఆ పలకనే వాడుకుంటుంది కాబట్టి దాన్ని పట్టుకుని ఉండాలి. మా పెద్దమ్మ కొడుకు శ్రీనన్న వచ్చాడు. ఆయనది మోటార్ వైండింగ్ షాపు. కంప్యూటర్ లోపల ఎప్పుడూ చూడలేదు గానీ, బిగించే పని ఏదైనా ఆయన చేతికి తెలుసు. బోర్డుని దాని అట్టపెట్టె మీద నిలబెట్టి, వెనక పలక అదిమిపట్టి, "ఇగో, నేను పట్టుకున్న, నువ్వు విప్పు" అన్నాడు.

బిళ్లలు విప్పి, వెనక పలక నుంచి పైకొచ్చిన నాలుగు పోస్టుల మీద పెట్టెలో ఇచ్చిన బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టాలు తొడిగి, వాటిమీద రెండు ఇనుప కడ్డీలు పెట్టి పొడుగు స్క్రూలతో బిగించాం. కడ్డీల వంపు బయటి వైపుకి ఉండాలి. కూలర్ ఏ వైపుకి తిరిగి కూర్చుంటుందో ఈ కడ్డీలే నిర్ణయిస్తాయి. గాలి క్యాబినెట్ ముందు నుంచి వచ్చి వెనక ఫ్యాను లోంచి బయటికి పోవాలి. ఆ దారి మనసులో గీసుకున్నాకే స్క్రూలు తిప్పాలి.

పేస్ట్ ఎంత వేయాలన్నది పెద్ద చర్చ. నాక్టువా చెప్పేది ఏఎం4కి మధ్యలో 4, 5 మి.మీ. చుక్క. నేను ఆ కొలతే వేశాను. 3900ఎక్స్ పైనున్న లోహపు మూత కింద కోర్లున్న చిప్పులు రెండు ఒక పక్కకి ఉంటాయి, మధ్యలో ఉండవు. అందుకని పేస్ట్ మూత అంతా పరుచుకోవడం ముఖ్యం. కూలర్ నిటారుగా దిగి, ఒత్తిడి సమానంగా పడితే ఆ చుక్క తనే పరుచుకుంటుంది. చేత్తో పూయనక్కర్లేదు.

మధ్య ఫ్యాను ముందే తీసేయాలి, లేకపోతే స్క్రూలు కనపడవు. అడుగున రాగి పలకకి ఉన్న రక్షణ మూత కూడా తీసి, కూలర్‌ని రెండు చేతులతో తిన్నగా దించాను. పెట్టెలో ఇచ్చిన పొడుగు స్క్రూ డ్రైవర్ గోపురాల మధ్యలోంచి కిందికి దిగుతుంది. రెండే స్ప్రింగు స్క్రూలు. నేను ఒక పక్క మర పట్టించి తిప్పబోతుంటే శ్రీనన్న ఆపాడు.

"ఆగు తమ్ముడూ, ఒక్కదాన్నే పోనీకు. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. బోరు మోటారు ఫ్లాంజి బోల్టులు బిగించినట్టే. ఒక పక్క ముందు బిగిస్తే రెండో పక్క లేస్తది."

"ఎందాక తిప్పాలన్నా?"

"అదే ఆగుతది చూడు. ఆగినంక బలం పెట్టకు."

కంపెనీ కాగితం మీద కూడా సరిగ్గా అదే ఉంది. స్ప్రింగు పూర్తిగా అదిమాక స్క్రూ తనంతట ఆగిపోతుంది, ఆపైన తిప్పాల్సిన అవసరం లేదు. ఇటు రెండు, అటు రెండు తిప్పుతూ పోతే రెండూ ఒకేసారి ఆగాయి. అన్న వేలితో గోపురం పక్కకి కదిపి చూశాడు. కూలర్‌తో పాటు బోర్డు మొత్తం కదిలిందే తప్ప కూలర్ విడిగా కదల్లేదు. తర్వాత ఫ్యానుని తీగ క్లిప్పులతో మధ్యలో తగిలించాను. మోటారుని పట్టుకునే కాళ్లు ఉన్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది, కాబట్టి ఆ వైపు క్యాబినెట్ వెనక్కి తిరిగి ఉండాలి.

బోర్డు క్యాబినెట్లోకి వెళ్లే ముందు ఫ్యాను వైరు సీపీయూ ఫ్యాన్ పిన్నులకు తగిలించాలి, ర్యామ్ రెండు వైపులా టక్‌మనే దాకా నొక్కి చూసుకోవాలి. ఆ పైన అసలు సంగతి, ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల వైరు. అది బోర్డు పైమూలలో, కూలర్‌కీ క్యాబినెట్ కప్పుకీ మధ్య ఇరుకులో ఉంటుంది. బోర్డు స్క్రూలన్నీ బిగించాక అక్కడికి వేళ్లు పోవు. నేను ఆ వైరుని ముందే పైకంతలోంచి లాగి సిద్ధంగా ఉంచి, బోర్డు లోపల దించుతూనే తగిలించేశాను. ఒకరు క్యాబినెట్ పడుకోబెట్టి పట్టుకుంటే ఈ పని సులువు.

గ్రాఫిక్స్ కార్డు ఎక్కించాక ఇంకో విషయం తెలిసింది. కార్డుకీ కూలర్‌కీ మధ్య సందు చాలా తక్కువ, కార్డు తీసేటప్పుడు స్లాటు చివర నొక్కాల్సిన మీట చేతికి అందదు. పిల్లలు వాడే ప్లాస్టిక్ స్కేలుతో నొక్కితే పని అవుతుంది. ఇనుప స్క్రూ డ్రైవర్‌తో మాత్రం ప్రయత్నించకూడదు. జారితే బోర్డు మీద గీత పడుతుంది.

ఆన్ చేయగానే ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లి సీపీయూ ఫ్యాను తిరుగుడు చూశాను. ఈ ఫ్యాను గరిష్ఠంగా నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంది. 70 డిగ్రీలు దాటాకే పూర్తి వేగం అందుకునేలా పెట్టాను. లేకపోతే ప్రతి చిన్న క్లిక్కుకీ ఫ్యాను శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఆడియో మిక్సింగ్ చేసేవాళ్లకి అది చాలా చిరాకు.

అదే పెళ్లి ఫైలు, అదే 4కే ఎక్స్‌పోర్ట్, గదిలో అదే 36 డిగ్రీలు. ఇప్పుడు 83 దగ్గర నిలబడింది. అన్ని కోర్లూ 4 గిగాహెర్ట్జ్ పైనే పరిగెడుతున్నాయి. ఇంతకుముందు 3.8 దగ్గరికి జారిపోయేవి. 83 ఎక్కువే కదా అని కొందరు అనొచ్చు. ఏసీ లేని ఖమ్మం గదిలో, పన్నెండు కోర్లు గంటల తరబడి నిండుగా పనిచేస్తుంటే, హద్దుకి పన్నెండు డిగ్రీలు కింద ఉండటం నాకు చాలు. శబ్దం మాత్రం బాగా తగ్గింది. ఎక్స్‌పోర్ట్ నడుస్తుండగానే అదే గదిలో హెడ్‌ఫోన్స్ లేకుండా నాదస్వరం ట్రాక్ వినగలుగుతున్నాను.

ఒక్క జాగ్రత్త మిగిలింది. పెళ్లిళ్లకు అక్కడికక్కడే ఎడిట్ చేసి చూపించమని అడిగినప్పుడు మిషన్ హైదరాబాద్ దాకా తీసుకెళ్తుంటాను. ఇంత బరువు బోర్డుకి అడ్డంగా వేలాడుతుండగా, క్యాబినెట్ నిలబెట్టి సూర్యాపేట మీదుగా కారులో తీసుకెళ్తే, ప్రతి స్పీడ్ బ్రేకర్ దెబ్బా సాకెట్ చుట్టూ బోర్డు మీద పడుతుంది. అందుకని క్యాబినెట్‌ని పడుకోబెట్టి, కూలర్ పైకి చూసేలా వెనక సీటు మీద దిండ్ల మధ్య పెడతాను. పార్శిల్ సర్వీసులో పంపాల్సి వస్తే కూలర్ విప్పి విడిగా పంపడమే మేలు. విప్పితే మళ్లీ బిగించేటప్పుడు పాత పేస్ట్ తుడిచి కొత్తది వేయాలి, కాబట్టి ట్యూబులో మిగిలిన పేస్ట్‌ని, ఆ పొడుగు స్క్రూ డ్రైవర్‌ని కెమెరా బ్యాగులోనే ఉంచుకుంటున్నాను.