విత్తనంలో రోజుల లెక్క

చలి దేశాల్లో శరదృతువులో విత్తే గోధుమకు కొన్ని వారాలపాటు గట్టి చలి తగలకపోతే అది సకాలంలో వెన్ను తీయదు. అక్కడి శీతాకాలాలు వెచ్చబడితే దిగుబడి కంటే ముందు దాని కాలగణనే తప్పుతుంది. నెల్లూరు జిల్లా కోవూరు ప్రాంతంలో వరి తప్ప మరొకటి పండించి ఎరుగని నాకు ఈ సంగతి చదివినప్పుడు మా నారుమళ్లే గుర్తుకు వచ్చాయి.

నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది కనుక మాకు రబీయే ప్రధానం, రెండో పంటైన ఎడగారు దాని తరువాతిదే. అయితే నారు పోసే కాలమూ తుపానుల కాలమూ ఒకటే. 2021 నవంబరులో పెన్న పొంగింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపే మా నారుమడి పూర్తిగా మునిగిపోయింది. మళ్లీ విత్తనం చల్లేసరికి ఆ నెల సగం గడిచింది. ఆ తేదీన 150 రోజుల సాంబ మసూరి వేస్తే, కోతకు నెల ముందు పూత వస్తుందనుకున్నా, అది ఏప్రిల్ మధ్యలో ఎండకు దొరుకుతుంది. 125 రోజుల్లోపు కోతకు వచ్చే నెల్లూరు మసూరి అయితే మార్చి మూడో వారానికే పూత ముగించుకుంటుంది. పూత సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి నిర్వీర్యమై గింజ తాలుపోతుంది కాబట్టి ఆ మూడు నాలుగు వారాల తేడా మాకు చిన్నది కాదు.

వరి పువ్వు విచ్చుకునేది ఉదయం పూట కొద్దిసేపే. ఒక అడవి వరి జాతి నుంచి ఇంకా పెందలాడే విచ్చుకునే గుణాన్ని తీసుకొని ఐఆర్ 64 రకంలోకి చేర్చిన శాస్త్రవేత్తల ఆలోచన నాకు అన్నిటికంటే నచ్చింది: ఎండను తట్టుకోవడం కాదు, దాని కంట పడకుండా తప్పించుకోవడం. రాత్రి వేడిని మాత్రం ఇలా తప్పించుకోలేము. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల్లో 1992 నుంచి 2003 వరకు సేకరించిన లెక్కల ప్రకారం, ఎండాకాలపు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం తగ్గింది.

1937లో మొదలైన నెల్లూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నెల్లూరు మసూరికి మరో బలముంది. జనవరి మంచుకు మా పొలాల్లో విజృంభించే అగ్గి తెగులును అది బాగా తట్టుకుంటుంది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరికి ఆ శక్తి లేదు. అయినా పుట్టి (మా ధాన్యం కొలత) ధర చెప్పేటప్పుడు మిల్లరు చూసేది గింజ సన్నదనమే, పంట ఎన్ని రోజుల్లో వచ్చిందన్నది కాదు. అందుకే తుపాను భయం ఉన్నా సాంబనే నమ్ముకున్న పొరుగు రైతులను నేను తప్పుపట్టలేను.

ఈసారి నేనూ కొంత సాంబ వేస్తున్నాను. మూడెకరాలకు సరిపడే నెల్లూరు మసూరి విత్తనాన్ని మాత్రం విడిగా ఎత్తిపెట్టాను, మొదటి నారు మునిగితే చల్లడానికి.