చదువు రానివాళ్ల క్యాలెండర్ చదవడం మన వల్ల కాదు

మూట లాక్కుని పోతున్న దొంగ బొమ్మ ఒకటి. దానర్థం వానాకాలం మొదలయ్యే రోజని ఎవరైనా చెప్పగలరా? జపాన్ ఈశాన్యాన, ఇప్పటి ఇవాతే ప్రాంతంలో, ఎడో కాలంలో (1603-1868) అక్షరం ముక్క రానివాళ్ల కోసం వేసిన బొమ్మల క్యాలెండర్లో ఉంటుందిది. జపనీస్‌లో ఆ రోజు పేరు 'న్యూబై', మూట లాక్కోవడం 'ని ఉబై'. పలికితే రెండూ దాదాపు ఒకటే, అదీ కిటుకు. 'హచిజూహచియ' అని ఇంకో రోజుంది, వసంతం మొదలైన దగ్గర్నుంచి లెక్కపెడితే 88వది, మే మొదట్లో వస్తుంది, ఇక మంచు దెబ్బ ఉండదులే అని రైతులు ధైర్యం తెచ్చుకునే రోజు. దానికి ఒక గిన్నె (హచి), ఒక పెట్టె (జూ), మళ్లీ గిన్నె (హచి), చివర ఒక బాణం (య) వేశారు. వరసగా వాటి జపనీస్ పేర్లు పలకండి, రోజు పేరు వచ్చేస్తుంది. చాంద్రమానంలో ఏ నెలకి 30 రోజులు, ఏ నెలకి 29 అన్నది ఏటా మారుతుంది కదా, దానికి పెద్ద కత్తి, చిన్న కత్తి.

నార్వేలో పద్ధతి వేరు. ప్రిమ్‌స్తావ్ అనే చెక్క కర్ర, ఒక వైపు వేసవి, రెండో వైపు చలికాలం. వేసవి వైపు మొదలయ్యే ఏప్రిల్ 14 దగ్గర చెట్టు, చలికాలం వైపు మొదలయ్యే అక్టోబర్ 14 దగ్గర చేతి తొడుగు, ఇవి ఎవరికైనా అర్థమవుతాయి. జూలై 29 దగ్గర గొడ్డలి ఎందుకుందో తెలియాలంటే మాత్రం గొడ్డలి దెబ్బ తిని చనిపోయిన నార్వే రాజు సెయింట్ ఓలాఫ్ కథ తెలియాలి. ఒకసారి చెక్కితే ఏళ్ల తరబడి పనికొస్తుంది, కాకపోతే ఈస్టర్ లాంటి తేదీ మారే పండగలకి అందులో చోటు లేదు. ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్‌లో కూడా ఇలాంటి కర్రలుండేవి, నాలుగు అంచులు, అంచుకి మూడు నెలలు, రోజుకో గాటు, ఏడో గాటు కాస్త పెద్దది. 1686లో రాబర్ట్ ప్లాట్ అనే ఇంగ్లిష్ పండితుడు వాటి గురించి రాశాడు.

చదువు రానివాళ్ల కోసం అనగానే చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలా ఉంటుందనుకుంటాం, నిజం చెప్పాలంటే అది మన పొగరు. కథలు, పండగలు, మాటల్లో చమత్కారం అన్నీ బుర్రలో ఉన్నవాడికే అది పని చేస్తుంది. బొమ్మ గుర్తు చేస్తుందంతే, నేర్పదు. మందుల పెట్టె మీద సూర్యుడు, చంద్రుడు వేసేసి ఇక అందరికీ అర్థమైపోతుందని నిశ్చింతగా ఉండేవాళ్లు ఈ సంగతి కాస్త ఆలోచించాలి. ఆ సూర్యుడంటే పొద్దున్నా, మధ్యాహ్నమా, లేక ఎండలో పెట్టమనా?

తమాషా ఏంటంటే, ఆ జపాన్ బొమ్మల క్యాలెండర్ ఇప్పటికీ అచ్చవుతోంది. కొనేవాళ్లందరికీ చదువొచ్చు, బొమ్మలకి అర్థం మాత్రం పక్కన అక్షరాల్లో రాసి ఇవ్వాల్సిందే.