స్ట్రిప్ మీద గీత రాలేదంటే తలసీమియా లేనట్టేనా?

"నెగటివ్ వచ్చింది కదా మేడమ్, ఇక భయం లేనట్టే కదా?" రక్తంలో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవని వంశపారంపర్య జబ్బు తలసీమియా. దాని జన్యు పరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామంది అడిగే మాట ఇది. హైదరాబాద్‌లో ఒక జెనెటిక్ ల్యాబ్‌లో ఈ పరీక్షలు చేసేదాన్ని నేను. కౌంటర్ దగ్గర నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేని జవాబు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేం చూసేది 11వ క్రోమోజోమ్ మీద ఉండే, హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారుచేసే బీటా గ్లోబిన్ జన్యువుని. అందులో వచ్చే మ్యుటేషన్లు, అంటే జన్యువులో తేడాలు, ప్రపంచం మొత్తమ్మీద వందల్లో ఉన్నాయి. మన దేశంలో ఎక్కువ మందిలో మాత్రం ఓ అయిదు రకాలే కనిపిస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది ఐవీఎస్ 1-5. డీఎన్ఏని ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాస్తాం. ఇందులో జి అక్షరం ఉండాల్సిన చోట సి ఉంటుంది, అంతే తేడా. ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకోవడానికే డీఎన్ఏ ప్రోబ్.

ప్రోబ్ అంటే సుమారు ఇరవై అక్షరాల ఒంటిపోగు డీఎన్ఏ ముక్క. మేం వాడే స్ట్రిప్ మీద ఇలాంటివి వరసగా అంటించి ఉంటాయి, ఒక్కో మ్యుటేషన్‌కి ఒక్కోటి. పేషెంట్ జన్యువులో మాకు కావాల్సిన భాగాన్ని పీసీఆర్ అనే డీఎన్ఏ కాపీలు తీసే పద్ధతితో లక్షల కాపీలు చేసి, రెండు పోగులనూ విడదీసి, స్ట్రిప్ మీద పోస్తాం. ఏకి టీ, జీకి సీ కుదిరిన చోట అతుక్కుంటుంది. తర్వాత కడిగి, రంగు వచ్చే రసాయనం వేస్తే అతుక్కున్న చోట ఊదారంగు గీత తేలుతుంది. మామూలు జన్యువు ప్రోబ్ దగ్గరే గీత వస్తే ఆ చోట లోపం లేనట్టు. రెండు గీతలూ వస్తే క్యారియర్, అంటే ఒక కాపీ బాగుండి ఒకటి దెబ్బతిన్నవాళ్లు. మ్యుటేషన్ గీత ఒక్కటే వస్తే అమ్మ నుంచి వచ్చిన కాపీ, నాన్న నుంచి వచ్చిన కాపీ రెండూ దెబ్బతిన్నట్టు.

నాకు టెన్షన్ అంతా ఆ కడగడం దగ్గరే. వాటర్ బాత్ వేడి తగ్గితే ఒక అక్షరం తేడా ఉన్న డీఎన్ఏ కూడా అతుక్కునే ఉంటుంది. వేడి ఎక్కువైతే సరిగ్గా అతికినదీ ఊడిపోతుంది.

ఇప్పుడు అసలు జవాబు. స్ట్రిప్ మీద ఏ ప్రోబ్‌లు ఉన్నాయో ఆ మ్యుటేషన్లే దొరుకుతాయి. లేనిది మీ ఒంట్లో ఉన్నా గీత రాదు. అందుకే రిపోర్టులో "పరీక్షించిన మ్యుటేషన్లు కనబడలేదు" అని రాస్తాం, "తలసీమియా లేదు" అని రాయం. రక్తంలో హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హెచ్‌బీ ఏ2 అనే రకం 3.5 శాతం దాటితే క్యారియర్ అని అనుమానం. అలా దాటి, స్ట్రిప్ మీద ఏమీ రాకపోతే, జన్యువు మొత్తం సీక్వెన్సింగ్, అంటే అక్షరం అక్షరం చదివే పరీక్ష, చేయించాలి. దానికి టైమ్ పడుతుంది.

ఆ టైమే చాలామందికి ఉండదు. మొదటి బిడ్డకి మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తుంటారు, రెండో కాన్పులో నాలుగో నెల వచ్చాక మా దగ్గరికి వస్తారు. కడుపులో బిడ్డకి ఈ పరీక్ష చేయడానికి మాయ నుంచి చిన్న ముక్క తీసేది పదో వారం తర్వాత. అంతకు ముందే తల్లిదండ్రుల మ్యుటేషన్లు మాకు తెలిసి ఉండాలి. ఆ ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టి తల్లి కణజాలాన్ని ఏరి తీసేస్తాం. ఆమె డీఎన్ఏ కలిస్తే జబ్బు ఉన్న బిడ్డ క్యారియర్‌లా కనిపించే ప్రమాదం ఉంది.

ఒక అమ్మాయి పాత ఫైలు చూసినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. మొదటి కాన్పులోనే సీబీపీలో (మామూలు రక్తకణాల పరీక్షలో) ఎంసీవీ, అంటే ఎర్ర కణాల సైజు, బాగా తక్కువ, ఎర్ర కణాల సంఖ్య మాత్రం ఎక్కువ. తలసీమియా క్యారియరేమో అని అనుమానించాల్సిన లక్షణం అది. అది చూసి కూడా ఐరన్ మాత్రలు రాసి పంపేశారు. అప్పుడే భార్యాభర్తలిద్దరికీ హెచ్‌పీఎల్‌సీ చేసి ఉంటే సరిపోయేది.

ఇద్దరికీ అని ఎందుకంటున్నానంటే, మా దగ్గరికి వచ్చేసరికి నింద కోడలి మీద పడిపోయి ఉంటుంది. ఇద్దరూ క్యారియర్లయితేనే బిడ్డకి బీటా తలసీమియా మేజర్ (రక్తం ఎక్కిస్తూ ఉండాల్సిన తీవ్ర రూపం) వస్తుంది, ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. మేనరికమైతే ఇద్దరిలోనూ ఒకే మ్యుటేషన్ ఉండే అవకాశం ఇంకా పెరుగుతుంది. అత్తమామలకి ఈ మాట భర్తే చెప్పాలని నేను పట్టుబడతాను.

క్యారియర్ అని తేలితే అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్లకి కూడా హెచ్‌పీఎల్‌సీ చేయించండి. పెళ్లి చెడుతుందని చెల్లెలికి చేయించని ఇళ్లు చూశాను. క్యారియర్లు ఆరోగ్యంగానే ఉంటారు. మ్యుటేషన్ పరీక్షకి వచ్చేటప్పుడు భార్యాభర్తలిద్దరూ రండి, పాత సీబీపీలు, బిడ్డకి మొదటిసారి రక్తం ఎక్కించక ముందు చేసిన రిపోర్టు ఉంటే అదీ తీసుకురండి. ఎక్కించాక చేసిన హెచ్‌పీఎల్‌సీలో దాత రక్తం కలిసి ఉంటుంది.