బరువు తగ్గలేదు, నడుము తగ్గింది: నా అనుభవం

నలభై ఆరేళ్ల వయసులో చేయించుకున్న రక్తపరీక్షలో, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే నా హెచ్‌బీఏ1సీ 6.1 శాతమని వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దాన్ని మధుమేహానికి ముందు దశగా లెక్కిస్తారు. మా నాన్నగారూ ఇద్దరు మేనత్తలూ చక్కెర వ్యాధితో పడిన బాధను కళ్లారా చూసినదాన్ని కనుక ఆ అంకెను తేలికగా తీసుకోలేకపోయాను. బెంగళూరులో మేముండే సర్జాపుర రోడ్డు దగ్గరి వైద్యురాలు నా బరువు 71 కిలోలని చూసి, టేపుతో నడుము కూడా కొలిచి, 94 సెంటీమీటర్లని రాసుకున్నారు. మన దేశంలో స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ప్రమాదకరంగా పేరుకున్నట్టు భావిస్తారని, నాకు ముఖ్యంగా తగ్గవలసింది అదేనని, మందులు అప్పుడే అక్కరలేదని చెప్పారు.

ఉదయం కైకొండ్రహళ్లి చెరువు చుట్టూ నడక, వారంలో మూడు రోజులు ఇంటి దగ్గరి జిమ్‌లో బరువులెత్తడం, అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్లు, పెరుగు పెంచడం మొదలుపెట్టాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే నాకు దాదాపు 59 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాములు ఉంటాయని లెక్కవేసి చూస్తే, చారన్నంతోనూ మజ్జిగన్నంతోనూ గడిచిపోయే మా ఇంటి భోజనంలో ఎంత కొరత ఉందో అర్థమైంది.

కొన్ని వారాలకే జాకెట్లు వదులయ్యాయి. హిందూపురం నుంచి వచ్చి మా వీధిలో స్థిరపడిన దర్జీ పాత కొలతల పుస్తకం ముందు పెట్టుకుని, "ఏమక్కా, కొలతలన్నీ మారిపోయినాయి, అన్నీ విప్పి కుట్టాల్సిందే" అన్నాడు. మదనపల్లె నుంచి వచ్చిన మా అమ్మ గుమ్మంలోనే, "ఇంత చిక్కిపోయినావేమే, సరిగా తింటాండావా లేదా?" అని అడిగింది. బరువు మిషను మాత్రం 71 దగ్గరే నిలిచి, ఒక్కోరోజు 71.8 కూడా చూపేది. అదే సమయంలో మా ఆఫీసులో కిలోల లెక్కతోనే విజేతను తేల్చే బరువు తగ్గే పోటీ జరిగింది. రాత్రి భోజనం మానేసినవాళ్లు పట్టికలో పైకి వెళ్తుంటే, శ్రమపడుతున్న నా పేరు అడుగునే ఉండిపోవడం నాకు నిజంగా దిగులు కలిగించింది. ఆరోగ్యం పేరుతో అలాంటి పోటీలు పెట్టడం తప్పని ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే తిండి మాని తగ్గే బరువులో కొవ్వుతో పాటు నీరూ కండరమూ కూడా పోతాయి.

ఈ సందేహంతోనే వైద్యురాలి దగ్గరికి వెళ్తే ఆమె చాలాసేపు కూర్చోబెట్టి వివరించారు. కిలో కొవ్వు సుమారు 1.1 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది, కిలో కండరానికి 0.95 లీటరు చాలు. అందువల్ల కొవ్వు కరిగి, కొంత కండరం చేరితే బరువు అలాగే ఉండి ఒళ్లు సన్నబడుతుంది. అయితే ఆడవాళ్లలో కండరం అంత వేగంగా పెరగదు కనుక, మొదటి వారాల్లో మిషను కదలకపోవడానికి నీరు కూడా పెద్ద కారణమేనట. కొత్తగా బరువులెత్తినప్పుడు కండరాలు నొప్పిపెట్టి కొద్దిగా వాస్తాయి, అవి చక్కెర నిల్వ అయిన గ్లైకోజెన్‌ను ఎక్కువగా దాచుకుంటాయి, ఆ గ్లైకోజెన్ గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నెలసరికి ముందు రోజుల్లోనూ, ఉప్పెక్కువుండే ఆవకాయ గట్టిగా తిన్న మర్నాడూ మిషను పైకి వెళ్లేది ఒంట్లో నిలిచిన నీటివల్లేనని దాంతో తెలిసింది.

ఆమె చెప్పినవాటిలో నా మనసులో బాగా నాటుకున్నది 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫోటో సంగతి. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫోటో అది. ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఎత్తు, బరువు చూసి మనవాళ్ల ఆరోగ్యాన్ని అంచనా వేయడం ఎంత అసంపూర్ణమో ఆ రెండు అంకెలు నాకు నచ్చజెప్పాయి. కొవ్వు శాతం చూపే ఇంటి మిషను కొనమంటారా అని అడిగితే, కాళ్ల గుండా స్వల్ప విద్యుత్తు పంపి లెక్కకట్టే ఆ పరికరాల అంకె ఒంట్లో నీటిని బట్టి మారిపోతుందని, నాకు టేపు చాలని అన్నారు.

అప్పటి నుంచి పదిహేను రోజులకొకసారి, ఉదయం ఏమీ తినకముందు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కొలుస్తున్నాను. పొట్ట లోపలికి పీల్చకూడదు, టేపును ఒంట్లోకి దిగేలా బిగించకూడదు.

మొన్నటి పరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.7కి దిగింది. నడుము 87 సెంటీమీటర్లు, బరువు 70.4. ఇంకా మధుమేహానికి ముందు దశ అంచునే ఉన్నాను కనుక నడక ఆపవద్దని, జిమ్‌లో ఎత్తే బరువులు మెల్లగా పెంచమని వైద్యురాలు చెప్పారు. మిషనుతో పాటు టేపు కూడా రెండు నెలలు కదలకుండా ఉంటే మాత్రం కండరం పెరుగుతోందని సరిపెట్టుకోకుండా, ఏం తింటున్నానో వారం రోజులు రాసి తీసుకురమ్మన్నారు.