అపొల్లోకు నేర్పిన ఇల్లు

తొలి సంఘాల్లో బోధకుడైన అపొల్లో గురించి ప్రసంగాల్లో ఎప్పుడూ అతని వాక్చాతుర్యమే చెబుతారు. విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు, ఆత్మలో తీవ్రత గలవాడు. నిజమే. కానీ అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చదివిన ప్రతిసారీ నా మనసు 26వ వచనం దగ్గరే ఆగిపోతుంది: "ప్రిస్కిల్ల అకుల విని, అతని చేర్చుకొని దేవుని మార్గము మరి పూర్తిగా అతనికి విశదపరచిరి."

అపొల్లో ఎఫెసు పట్టణంలో, యూదుల సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు. యేసును గూర్చి చెప్పేది సరిగానే ఉంది, కానీ అతనికి తెలిసింది యేసుకు ముందు వచ్చిన యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే. ఆ లోటు ఈ దంపతులు గ్రహించారు. అందరి ముందూ తప్పు పట్టలేదు. అలాగని "ఎంత బాగా మాట్లాడుతున్నాడో, రేపటి నుంచి ఇతన్నే నిలబెడదాం" అనీ అనుకోలేదు. దగ్గరకు తీసుకుని, కూర్చోబెట్టి చెప్పారు. అంత చదువుకున్నవాడు డేరాలు కుట్టుకునేవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు.

మన సంఘాల్లో తొందర ఎక్కువైపోయింది, ఆ బాధతోనే రాస్తున్నాను. నిన్న బాప్తిస్మం తీసుకున్న తమ్ముడు నాలుగు మాటలు గట్టిగా మాట్లాడితే చాలు, మైకు చేతికిస్తున్నాం. గొంతు బాగుంటే ఆరాధన నడిపించమంటున్నాం. ఇంట్లో ఎలా ఉంటున్నాడో, ఎవరూ చూడనప్పుడు వాక్యం తెరుస్తున్నాడో లేదో అడిగేవాళ్లు లేరు. సంఘ అధ్యక్షుడు "క్రొత్తగా చేరినవాడై యుండకూడదు" అన్న మాట (1 తిమోతి 3:6) మనకు కంఠతా వచ్చు. గర్వాంధుడవుతాడని కారణం కూడా అక్కడే ఉంది. త్వరపడి ఎవరి మీదా చేతులుంచవద్దని, అంటే పరిచర్యకు నియమించవద్దని, అదే పత్రికలో మళ్లీ చెప్పాడు అపొస్తలుడైన పౌలు. అలా తొందరపడి పైకెత్తిన ఒక తమ్ముణ్ణి నేను దగ్గర నుంచి చూశాను. ఏడాది తిరక్కుండానే కూడికలకు రావడం మానేశాడు. పొగిడిన వాళ్లలో ఒక్కరూ వెళ్లి అతని తలుపు తట్టలేదు.

అకుల, ప్రిస్కిల్లలకు ఈ ఓపిక ఎక్కడిది? అదే 18వ అధ్యాయంలో వెనక్కి వెళ్లి 3వ వచనం చూడండి. వీళ్లు ఎఫెసుకు రాకముందు కొరింథులో పౌలు వాళ్ల ఇంట్లోనే దిగాడు, ముగ్గురిదీ ఒకే వృత్తి. ఆ పట్టణంలో పౌలు ఏడాదిన్నర ఉన్నాడు. రాత్రి దర్శనంలో ప్రభువే వచ్చి భయపడకు, మాట్లాడు అని చెప్పవలసినంత బరువు ఆ రోజుల్లో అతని మీద ఉంది. ఆ బరువు మోస్తున్న మనిషిని వీళ్లు పక్కన ఉండి చూసి ఉంటారు. ప్రసంగంలో దొరకని పాఠం అది. ఎఫెసులో అపొల్లోకు అందింది ఆ పాఠమేనని నా నమ్మకం. అక్కడి నుంచి అపొల్లో, కొరింథు ఉన్న అకయ ప్రాంతానికి వెళ్లి విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు, కొరింథులో ఉన్నాడు. పౌలు కొరింథులో ఇచ్చింది రెండు చేతులు మారి కొరింథుకే చేరింది!

నేను విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో మా సంఘ పెద్ద ఒకాయన నన్ను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లేవారు. "నువ్వేం చెప్పనక్కర్లేదు, 23వ కీర్తన చదువు చాలు" అనేవారు. ఒకసారి ప్రార్థన అయ్యాక వరండాలోకి తీసుకొచ్చి మెల్లగా అన్నారు: "ఆయన భార్య పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. వెళ్లి ఏదైనా తీసుకురా." పరిచర్య అంటే ఏమిటో నాకు అర్థం కావడం ఆ వరండాలో మొదలైంది.

కాపరులారా, సంఘ పెద్దలారా, ట్రైనింగ్ క్లాసులు పెట్టండి, మంచిదే. కానీ ఒక్కరినైనా మీ వెంట తిప్పుకోండి. మీ ఇంట్లో కూర్చోనివ్వండి. మీరు అలసిపోయినప్పుడు ఎలా ప్రార్థిస్తారో చూడనివ్వండి. చిన్న గృహకూడికలో ముందు ప్రార్థన చేయించండి, తర్వాత వాక్యం చెప్పించండి, అయ్యాక ఒంటరిగా పిలిచి ఎక్కడ సరిచేసుకోవాలో ప్రేమతో చెప్పండి. అమ్మా, మీరు కూడా. ఆ ఇంట్లో నేర్పిన వాళ్లలో ప్రిస్కిల్ల ఉంది. కొత్తగా వచ్చిన చెల్లెళ్లను వంటపనికి మాత్రమే పిలిచి ఊరుకోకండి.

సిద్ధపడ్డవాళ్లను కుర్చీలు సర్దడానికే ఏళ్ల తరబడి ఉంచేయడమూ అన్యాయమే. అపొల్లో వెళ్తానన్నప్పుడు ఎఫెసు సహోదరులు ప్రోత్సహించి, అతన్ని చేర్చుకోమని ఉత్తరం రాసి పంపారు. మీ దగ్గర తయారైనవాడు మీకంటే బాగా బోధిస్తాడేమో, జనం అతని వైపు వెళ్తారేమో అనే భయం ఉంటే ప్రభువు ముందు ఒప్పుకోండి. కొరింథులో సరిగ్గా అదే జరిగింది. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి అని చీలిపోయారు. అయినా అదే సంఘానికి మళ్లీ వెళ్లమని అపొల్లోను చాలా బతిమాలానని పౌలు స్వయంగా రాశాడు (1 కొరింథీయులకు 16:12).