మా క్లబ్బు వారపత్రికలో కొత్తగా చేరిన గడి

పోయిన ఏడాది జూలై 1న మా రోటరీ క్లబ్బు వారపత్రిక బాధ్యత నా చేతికి వచ్చింది. రోటరీ సంవత్సరం జూలైలో మొదలై జూన్‌లో ముగుస్తుంది. అధ్యక్షుడి నుంచి కోశాధికారి దాకా అందరూ ఆ రోజే మారతారు. మాది గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణం. క్లబ్బులో నలభై మందికి కాస్త తక్కువే ఉంటాం. మిల్లుల వాళ్లు, డాక్టర్లు, ఇద్దరు ప్లీడర్లు, ఎరువుల వ్యాపారులు, మందుల దుకాణం ఆయన, నాలాంటి ఉపాధ్యాయులు. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. "మీరైతే లెక్క తప్పకుండా రాస్తారమ్మా" అని అధ్యక్షులు గారు అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాను.

పత్రిక నాలుగు పేజీలు. శనివారం అచ్చుకు పంపాలి, మంగళవారం సాయంత్రం సమావేశంలో అందరి ముందూ ఉండాలి. గత వారం ఎవరు మాట్లాడారు, ఎంతమంది వచ్చారు, ఎవరి పుట్టినరోజు, ఎవరి పెళ్లిరోజు, వచ్చే వారం ఏమిటి. ఇవన్నీ కలిపినా మూడు పేజీలు దాటేవి కావు. నాలుగో పేజీ నింపడానికి మొదటి నెలల్లో రోటరీ చరిత్ర రాశాను. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి కూర్చోవడం, సమావేశం వంతులవారీగా ఒక్కొక్కరి కార్యాలయంలో జరపడం వల్ల ఆ పేరు రావడం, 1989 నుంచి ఆడవాళ్లకు సభ్యత్వం దొరకడం. చివరి సంగతి రాస్తున్నప్పుడు నాకు ప్రత్యేకంగా సంతోషం కలిగింది. అది లేకపోతే ఆ పత్రిక నా చేతికి వచ్చేదే కాదు.

ఆ పేజీలోనే ఒక వారం 'నాలుగు ప్రశ్నల పరీక్ష' కథ కూడా వేశాను. 1932లో దివాలా అంచున ఉన్న ఒక అల్యూమినియం పాత్రల కంపెనీని నిలబెట్టే పని హెర్బర్ట్ టేలర్ మీద పడింది. తన సిబ్బంది కోసం ఆయన నాలుగు చిన్న ప్రశ్నలు రాసుకున్నారు. వాటినే తర్వాత రోటరీ తనవి చేసుకుంది. మా సమావేశంలో గంట కొట్టి, ప్రార్థన అయ్యాక అందరం లేచి నిలబడి వాటిని చదువుతాం. మొదటి ప్రశ్న: ఇది నిజమేనా?

ఫిబ్రవరిలో కంటి శిబిరం పెట్టాలని నిర్ణయించుకున్నాం. ఆ నెలను ఎంచుకోవడానికి కారణం ఉంది. సంక్రాంతికి ముందు పిలిస్తే కోతలు, నూర్పిళ్లు అంటారు. మార్చి దాటితే ఎండల్లో ఆపరేషన్ చేయిస్తే కన్ను పోతుందని భయపడతారు. ఆ భయం నిజం కాదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లలో అది పోలేదు. ఆటోకు మైకు కట్టి రెండు రోజులు తిప్పాం. దానికంటే ఎక్కువ పని చేసింది మరొకటి. ఫిబ్రవరి 1న ఇంటింటికీ పింఛను ఇవ్వడానికి వెళ్లే గ్రామ, వార్డు సచివాలయాల వాళ్లను బతిమాలుకుని, ప్రతి ముసలివారికీ శిబిరం సంగతి చెప్పమన్నాం. ఆశా కార్యకర్తలు కూడా సాయం చేశారు. శిబిరం పెట్టాలనుకునే వాళ్లకు నేను మొదట చెప్పేది ఈ పింఛను రోజు సంగతే.

ఆదివారం ఉదయం మా పాఠశాల వరండాలోనే శిబిరం. పేరు రాయించుకోవడం, రక్తపోటు, సుగరు, తర్వాత చూపు పరీక్ష. చదువు రాని వాళ్లకు మూడు గీతల బొమ్మ చూపిస్తారు, గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపితే చాలు. మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆ వరసలో నిలబడి అవ్వల చేతులు పట్టుకుని నడిపించారు. చివర కంటి డాక్టరు టార్చి వేసి చూసి, ఆపరేషన్ అవసరమైన వాళ్ల చీటీ మీద సంతకం చేసేవారు. 162 మంది వచ్చారు. అందులో 31 మందికి శుక్లాలు ముదిరాయని తేలింది. మరో ఐదుగురికి నీటికాసుల (గ్లాకోమా) అనుమానం ఉందని విడిగా పంపారు. శుక్లం తీస్తే చూపు తిరిగి వస్తుంది, నీటికాసుల వల్ల పోయిన చూపు మాత్రం రాదు. అందుకే ఆ ఐదుగురి గురించి డాక్టరు గారు నాతో రెండుసార్లు చెప్పారు.

పూర్వం ఇలాంటి చోట్లే బల్లలు వేసి ఆపరేషన్లు చేసేవారట. ఇప్పుడు అలా చేయరు. శిబిరంలో పరీక్ష మాత్రమే, ఆపరేషన్ ఆసుపత్రి థియేటర్లోనే జరగాలి. సోమవారం ఉదయం ఏడింటికి బస్సు పెట్టాం.

నా తప్పు అక్కడే జరిగింది. శిబిరం వార్త ఆ వారమే రావాలన్న ఉత్సాహంతో పత్రికను ఆదివారం రాత్రి దాకా ఆపాను. జాబితాలో 31 పేర్లు కనబడుతున్నాయి కదా అని "31 మందికి ఉచిత శుక్లాల ఆపరేషన్లు" అని శీర్షిక పెట్టి పంపేశాను. మంగళవారం సాయంత్రం పత్రిక అందరి చేతుల్లోనూ ఉంది. లేచి నిలబడి "ఇది నిజమేనా" అని చదివి కూర్చున్నాం. శిబిరం చూసుకున్న మందుల దుకాణం ఆయన నా పక్కకు వంగి నెమ్మదిగా చెప్పారు: "అమ్మా, బస్సెక్కింది ఇరవై ముగ్గురే. అందులోనూ నలుగురిని ఇవాళ వెనక్కి పంపారు. ముగ్గురికి సుగరు ఎక్కువుంది, ఒకరికి బీపీ."

అంటే 19. నా చేతిలో ఉన్న కాగితం మీద 31. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంకె తప్పు కావడం ఒక బాధ. దానికంటే పెద్ద బాధ ఏమిటంటే, అచ్చయిన ఆ అంకె మిగిలిన 12 మందినీ లేకుండా చేసింది. పని అయిపోయిందని క్లబ్బంతా అనుకుంటే వాళ్ల కోసం ఇక ఎవరు వెళ్తారు?

మర్నాడు మా క్లబ్బులో అందరికన్నా పెద్దవారైన మాస్టారి ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఎనభై దాటిన మనిషి. 1995లో పల్స్ పోలియో మొదలైన నాటి నుంచి చుక్కల మందు పనిలో తిరిగినవారు. ఆయన నన్ను తప్పు పట్టలేదు. అరుగు మీద సుద్దముక్కతో పక్కపక్కనే రెండు గుర్తులు గీశారు. ఒకటి ఆంగ్ల అక్షరం 'పి', రెండోది ఇంటూ గుర్తు. "ఆదివారం కేంద్రంలో చుక్కలు వేసేవాళ్లం. సోమవారం నుంచి ఇంటింటికీ తిరగడం. పిల్లలందరికీ వేసిన ఇంటి గోడ మీద పి. తాళం వేసి ఉన్నా, బిడ్డ ఊరెళ్లినా, పెద్దలు వద్దన్నా ఇంటూ. సాయంత్రం లెక్కలో మమ్మల్ని మొదట అడిగేది ఇంటూ ఇళ్లు ఎన్ని అని. మర్నాడు మళ్లీ ఆ ఇళ్లకే."

రోటరీ 1985లో పోలియో పని చేపట్టింది. మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. ఇవన్నీ నేను నాలుగో పేజీలో అంతకుముందే రాసినవే. ఆ తేదీల వెనక సుద్దతో గీసిన ఇంటూ గుర్తులున్నాయని మాస్టారి అరుగు మీదే తెలిసింది.

తర్వాతి వారం మొదటి పేజీలో సవరణ వేశాను. 31 కాదు, 19 అని, తప్పు సంపాదకురాలిదని. దాని కింద ఒక కొత్త గడి గీశాను. పేరు 'ఇంకా కానివి'. అందులో 12 అని రాసి పక్కన ఇంటూ గుర్తు పెట్టాను. రోగుల పేర్లు పత్రికలో వేయలేదు, అవి నా నోటుపుస్తకంలోనే ఉంచాను. కొందరు సభ్యులు ఇబ్బంది పడ్డారు. చేసిన మంచి పని పక్కన చేయనిది ఎందుకని అడిగారు. అధ్యక్షులు గారు పత్రిక రెండుసార్లు చదివి, "ఆ పన్నెండు మందినీ మనం పంచుకుందాం" అన్నారు. ఆ మాటకు నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

సుగరు, బీపీ ఉన్న నలుగురినీ మా డాక్టరు సభ్యుడు ఒకరు తీసుకున్నారు. వారం వారం పరీక్ష చేసి, మందులు సరిచేసి, నెల తిరిగేసరికి నలుగురినీ ఆపరేషన్‌కు సిద్ధం చేశారు. మిగిలిన ఎనిమిది మంది ఇళ్లకు మేం తిరిగాం. భయం అన్నవాళ్లు ఇద్దరే. తోడు వచ్చేవారు లేక ఒకరు, కూలి పోతుందని ఒకరు.

రామాలయం వెనక ఉండే ఒక పెద్దావిడ మాత్రం మేకల కోసం ఆగిపోయింది. "రెండు రాత్రులు నేను లేకపోతే వాటిని ఎవరు చూస్తారమ్మా?" అంది. ఐదు మేకలు. పది నోటో వంద నోటో కొట్టువాడు చెబితేనే ఆమెకు తెలుస్తోంది. రాత్రి దీపం చుట్టూ ముళ్లు మొలిచినట్టు ఉంటుందని చెప్పింది. ఎరువుల వ్యాపారం చేసే మా సభ్యుడొకరు పక్కింటి వాళ్లతో మాట్లాడి ఆ మేకలను రెండు రోజులు వాళ్ల దొడ్లో కట్టించారు. మార్చిలో ఆమెతో నేనే ఆసుపత్రికి వెళ్లాను. మర్నాడు పొద్దున కంటి కట్టు విప్పారు. ఆమె కాసేపు రెప్పలాడించి నా చేతి వైపు చూసింది. "నీ గాజులు ఎర్రవా తల్లీ? నల్లవనుకున్నాను" అని వాటిని వేలితో ఒకటొకటిగా జరిపింది.

ఆపరేషన్ తర్వాత చుక్కల మందు ఆరు వారాలు వేయాలి. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, రెండో వారం ఐదు, అలా ఒక్కొక్కటి తగ్గుతూ రావాలి. చదువు రాని మనిషికి ఇది ఎలా గుర్తుంటుంది? మందు పెట్టె అట్ట మీద నల్ల పెన్నుతో ఆరు వరసలు గీశాను. పై వరసలో ఆరు చుక్కలు, కింది వరసలో ఐదు, అట్టడుగున ఒకటి. శుక్రవారం శుక్రవారం ఒక వరస కొట్టేయమని చెప్పాను. కంట్లో నీళ్లు పడకూడదని, పొయ్యి పొగకు దూరంగా ఉండాలని పక్కింటి కోడలికి అప్పజెప్పాను. ఆరు వారాల తర్వాత వెళ్తే ఆ అట్టను దేవుడి పటం వెనక నుంచి తీసి చూపించింది. ఆరు వరసలూ బొగ్గుతో కొట్టేసి ఉన్నాయి.

మే నెల ఆఖరుకు 12లో 9 అయ్యాయి. గడిలో అంకె తగ్గిన ప్రతి వారం సమావేశంలో చప్పట్లు కొట్టేవారు. మొదట ఇబ్బంది పడిన వాళ్లే పత్రిక చేతికి రాగానే ముందు ఆ గడి చూడటం నేను గమనించాను. మిగిలిన ముగ్గురిలో ఒక పెద్దాయన ఏప్రిల్లో గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన ఇంటికి నేను ఒక్కసారే వెళ్లాను. ఇంకోసారి వెళ్లి ఉండాల్సింది. ఒకామె హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది, ఆ అబ్బాయికి ఫోను చేసి చీటీ ఫొటో పంపించాం. మూడో ఆయన ఎండలు తగ్గాక చూద్దాం అంటూనే ఉన్నారు.

ఈ జూలై 1న పత్రిక బాధ్యత మా క్లబ్బులో కొత్తగా చేరిన ఒక చార్టర్డ్ అకౌంటెంట్ అమ్మాయికి అప్పగించాను. ప్రెస్సు వాళ్ల ఫోను నంబరు, పుట్టినరోజుల జాబితా, నోటుపుస్తకం ఇచ్చాను. పుస్తకం చివరి పేజీ తెరిచి చూపించాను. రామాలయం వెనక పెద్దావిడకు రెండో కన్ను ఈ చలికాలంలో చేయించాలి, మేకల సంగతి ముందే మాట్లాడుకోవాలి. మూడో ఆయన ఇల్లు చెరువు గట్టు మీద, వేపచెట్టు పక్కన. పొద్దున వెళ్తే దొరకరు, సాయంత్రం నాలుగు దాటాక వెళ్లమని చెప్పాను.